దీపం గూట్లో ఫోను, పడమటి గదిలో కంప్యూటర్

మా పుట్టింట్లో నెట్ సిగ్నల్ వీధి అరుగు దాటి లోపలికి రాదు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు, తాతగారి కాలం నాటి మండువా ఇల్లు, మూరెడు మందం గోడలు. అరుగు మీద నిలబడితే ఫోనులో నాలుగు గీతలుంటాయి. పడమటి గదిలోకి వెళ్లేసరికి ఒక్కటే మిగులుతుంది, అదీ వచ్చిపోతూ ఉంటుంది. కంప్యూటర్ ఉన్నది ఆ పడమటి గదిలోనే.

2024 సంక్రాంతికి వెళ్లినప్పుడు మా మేనకోడలు నన్ను పక్కకి పిలిచి, "అత్తా, మాక్ టెస్టులన్నీ ఫోన్లోనే రాస్తున్నాను. అసలు పరీక్ష కంప్యూటర్ మీద కదా, టెన్షన్‌గా ఉంది" అంది. ఇంటర్ రెండో సంవత్సరం, మే నెలలో ఈఏపీసెట్. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. తెర మీద ప్రశ్న చదివి, కాగితం మీద లెక్క చేసుకుని, మళ్లీ తెరకొచ్చి మౌస్‌తో జవాబు గుర్తుపెట్టడం చేత్తో చేస్తే తప్ప అలవాటు కాదు. నేను ఏలూరులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. వచ్చిన లెక్కనే కంగారులో తప్పు చేసే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. పండగ మూడు రోజుల్లో ఆ గదికి నెట్ తేవాలనుకున్నాను.

భోగి రోజు మొదట యూఎస్‌బీ టెథరింగ్ చూశాం. ఫోన్ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో ఆ మీట నొక్కితే చాలు, కంప్యూటర్‌కి వైఫై లేకపోయినా నెట్ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఇది 2010 నుంచీ ఉంది. కానీ కేబుల్ పొడవు మీటరు. ఫోను కంప్యూటర్ పక్కనే ఉండాలి, అక్కడ సిగ్నల్ లేదు. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది.

కాబట్టి ఫోను అరుగు మీద, కంప్యూటర్ గదిలో ఉండాలి, మధ్యలో వైఫై నడవాలి. నాన్న 2010లో కొన్న ఆ కంప్యూటర్‌లో వైఫై లేదు. ఇలాంటిదేదో అవసరం పడుతుందని ఏలూరు నుంచి వచ్చేటప్పుడే బొటనవేలంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొని తెచ్చాను. గుచ్చితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు. దాన్ని నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి, డ్రైవర్ నెట్‌లో ఉంది, నెట్ రావాలంటే డాంగిల్ పనిచేయాలి. ఇక్కడే చాలామంది డాంగిల్ పాడైందనుకుని షాపుకి తిరిగిచ్చేస్తారు. ముందురోజు వదిలేసిన యూఎస్‌బీ టెథరింగే ఆదుకుంది. ఆ ఒక్క గీతతోనే పావుగంట ఓపిక పట్టి డ్రైవర్ దింపుకున్నాం.

అప్పుడు వైఫై జాబితాలో పక్కింటివాళ్ల పేరు కనపడింది గానీ మా ఫోను పేరు లేదు. కారణం చిన్నదే. ఫోను తన నెట్‌ని వైఫైగా పంచే హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ తరంగాల్లో పెట్టి ఉంది, తక్కువ ధర డాంగిల్స్ చాలావాటికి 2.4 మాత్రమే అందుతుంది. ఫోన్లో 2.4కి మార్చగానే పేరు వచ్చింది. మా ఇంటికి అదే మంచిది కూడా. 5లో వేగం ఎక్కువ, కానీ గోడలు తగిలితే త్వరగా నీరసిస్తుంది. 2.4 ఇంకొంచెం దూరం పోతుంది.

కనెక్ట్ అయింది. ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు.

సంక్రాంతి రోజు మధ్యాహ్నమంతా దీనికే పోయింది. అన్నయ్య డాంగిల్ తప్పన్నాడు, వదిన ఫోను తప్పంది. నేను కంప్యూటర్‌కి వచ్చిన ఐపీ అడ్రస్ చూశాను. హాట్‌స్పాట్ నడిపే ఫోను తన కింద చేరిన ప్రతి పరికరానికీ ఇంటిలోపల చెల్లే నంబరు ఒకటి ఇస్తుంది, అది సాధారణంగా 192.168తో మొదలవుతుంది. 169.254తో మొదలైతే ఫోను నుంచి నంబరు అందలేదని, కంప్యూటర్ తనంతట తాను ఏదో పెట్టుకుందని అర్థం. మాది 192.168. అంటే ఫోనుకీ కంప్యూటర్‌కీ మధ్య దారి బాగానే ఉంది. అప్పుడు బ్రౌజర్‌లో వస్తున్న హెచ్చరికని పూర్తిగా చదివాను. మీ కనెక్షన్ సురక్షితం కాదు, గడియారం చూసుకోండి అని ఉంది. తెర మూల చూస్తే తేదీ 2010 జనవరి 1.

కంప్యూటర్ లోపల రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపుకి చూపించే సర్టిఫికెట్లకి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది కాబట్టి, 2010లో ఉన్న కంప్యూటర్ వాటిని ఇంకా పుట్టని కాగితాలుగా చూసి నమ్మదు. తేదీ చేత్తో సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. కనుమ మర్నాడు అన్నయ్య పాలకొల్లులో కొత్త సెల్ కొని తెచ్చి వేశాడు. మీ ఇంట్లో పాత కంప్యూటర్‌కి వైఫై కలిసినా నెట్ రాకపోతే, దేన్నీ విప్పకముందు తేదీ చూడండి.

ఇక సిగ్నల్ బలం సంగతి. డాంగిల్‌ని సీపీయూ వెనక గుచ్చితే ఇనప డబ్బా, దాని వెనక గోడ, పక్కన బీరువా. ఇనుము వైఫైని ఆపినంతగా ఇటుక కూడా ఆపదు. మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డాంగిల్‌ని కిటికీ ఊచల దగ్గరికి తెచ్చి కట్టాం. ఒక గీత ఉన్నది మూడయింది. ఖరీదైన డాంగిల్ కొనే ముందు ఈ పని చేసి చూడాలని నా గట్టి అభిప్రాయం.

అరుగు మీద ఉంచడానికి వదిన పాత ఫోను తీసుకుని, రోజుకి 2 జీబీ వచ్చే రీఛార్జ్ చేయించాం. ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ కాసేపటికి దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయాలి. లేకపోతే పిల్ల మంచినీళ్లు తాగి వచ్చేలోపు నెట్ ఉండదు. రోజంతా ఛార్జింగ్‌లో ఉంటే ఫోను వేడెక్కుతుంది కాబట్టి వెనక కవరు తీసేశాం, ఎండ తగలనిచోట పెట్టాం. అరుగు గోడకి రెండు దీపం గూళ్లున్నాయి. ఉత్తరం వైపు గూడు సరిగ్గా సరిపోయింది.

మొదటి రోజే పన్నెండింటికల్లా 2 జీబీ అయిపోయింది. తిన్నది విండోస్ అప్‌డేట్. కంప్యూటర్‌కి ఇది ఫోను నెట్ అని తెలియదు, బ్రాడ్‌బ్యాండ్ అనుకుని దింపేసుకుంటుంది. వైఫై పేరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఆ రోజు పిల్ల మొహం చూసి నాకు చాలా బాధేసింది. ముందే చేయాల్సిన పని అది.

వెనక వంటింటికి మాత్రం ఆ ఫోను అందలేదు. సాయంత్రం కువైట్ నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే మాట్లాడటానికి అమ్మ పొయ్యి ఆపుకుని అరుగు దాకా రావాలి. మోకాళ్ల నొప్పులు. విండోస్ 10లో మొబైల్ హాట్‌స్పాట్ అని ఉంది. కంప్యూటర్ తను అందుకున్న నెట్‌ని ఎనిమిది పరికరాల దాకా పంచుతుంది. డ్రైవర్ ఒప్పుకుంటే అదే డాంగిల్ ఇటు తీసుకుని అటు ఇస్తుంది, మాది ఒప్పుకుంది. రెండు పనులూ ఒక్కటే చేయడంతో వేగం సగానికి పడింది గానీ, అమ్మకి కొడుకు మొహం కనపడటానికి సరిపోయింది. వంటింట్లో పీట మీద కూర్చునే మాట్లాడింది.

పాస్‌వర్డ్ దగ్గర అన్నయ్యకీ నాకూ కాస్త వాదన జరిగింది. ఎదురింటి కుర్రాడు కూడా ఇంటరే, వాడికీ ఇద్దామన్నాడు. ఇవ్వొద్దని నేననలేదు. బయటికి వెళ్లే ప్రతిదీ ఆ సిమ్ పేరు మీదే, అంటే అన్నయ్య పేరు మీదే వెళ్తుంది. అందుకని ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకోవద్దన్నాను. పద్నాలుగు అక్షరాలది కొత్తగా పెట్టాం. కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పడం కాక, వాడే వచ్చి కంప్యూటర్ దగ్గర కూర్చునేలా మాట్లాడుకున్నాం. ఆ తర్వాత పరీక్షల దాకా ఆదివారాలు పొద్దున మేనకోడలు, మధ్యాహ్నం వాడు టెస్టు రాసేవారు.

నేను బయల్దేరిన రోజు సాయంత్రం అమ్మ దీపం పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. ఉత్తరపు గూట్లో ఫోను చూసి, లోపల పిల్ల ఇంకా టెస్టు రాస్తోందా అని అడిగి, దీపాన్ని దక్షిణం వైపు గూట్లో పెట్టింది.