“పైనుంచే రావట్లేదండీ”: కేబుల్‌లో న్యూస్ ఛానల్ మాయమయ్యే పద్ధతి

మన రెండు రాష్ట్రాల్లో న్యూస్ ఛానల్‌ని నిషేధించాల్సిన అవసరం ఎవరికీ రాదు. జీవో ఉండదు, నోటీసు ఉండదు, ఎక్కడా సంతకం ఉండదు. పొద్దున్నే టీవీ పెడితే నిన్నటి నంబర్లో ఛానల్ కనబడదు, అంతే. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే “పైనుంచే రావట్లేదండీ, టెక్నికల్ ప్రాబ్లం” అంటాడు.

2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఇలాగే ఆగాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీవీ5, ఏబీఎన్. 2024 జూన్‌లో అక్కడ ప్రభుత్వం మారాక సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ. మూడుసార్లూ అధికారంలో ఉన్న పార్టీ వేరు, ఆగిన ఛానళ్ల జాబితా వేరు. “మాకేం సంబంధం, అది ఆపరేటర్ల ఇష్టం” అన్న జవాబు మాత్రం ఒకటే. ఆపినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే ఐదేళ్లకు పత్రికా స్వేచ్ఛ గురించి ప్రెస్‌మీట్ పెట్టడం మనకు అలవాటైన దృశ్యం. కాబట్టి పార్టీల సంగతి పక్కనపెట్టి, ఈ పని వైరులో ఎక్కడ జరుగుతుందో చూద్దాం.

అనలాగ్ రోజుల్లో ప్రతి ఊరికీ ఒక కంట్రోల్ రూమ్ ఉండేది. మేడ మీద నాలుగు డిష్‌లు, కింద గదిలో ఛానల్‌కో మాడ్యులేటర్, అంటే ఆ ఛానల్‌ని కేబుల్‌లోకి ఎక్కించే పెట్టె. జిల్లా మొత్తంలో ఒక ఛానల్ ఆపాలంటే ఎంతోమంది ఆపరేటర్లకు చెప్పాలి, వాళ్లలో ఎవరో ఒకరు వినరు. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి, 2012 నుంచి 2017 మార్చి దాకా విడతలవారీగా డిజిటల్ చేశారు. బొమ్మ బాగుపడింది. దాంతోపాటు స్విచ్ కూడా ఒకే చోటికి చేరింది. ఇప్పుడు ఛానల్ సిగ్నల్ టెలిపోర్టు (సిగ్నల్‌ని పైకి పంపే కేంద్రం) నుంచి శాటిలైట్‌కి వెళ్లి, అక్కణ్నుంచి ఎంఎస్‌వో, అంటే ఊరూరి ఆపరేటర్లకు ఛానళ్లు సరఫరా చేసే పెద్ద కేబుల్ కంపెనీ, హెడ్‌ఎండ్‌కి (దాని ప్రధాన కంట్రోల్ రూమ్‌కి) దిగుతుంది. అక్కడ రిసీవర్ దాన్ని అందుకుంటే, మిగతా ఛానళ్లతో కలిపి, ఎన్‌క్రిప్ట్ చేసి ఫైబర్‌లో వదులుతారు. ఊళ్లో ఆపరేటర్ చేతిలో ఉన్నది వైరూ, బిల్లు వసూలూ మాత్రమే. వైరు మొత్తం పీకేయగలడు గానీ వచ్చే గుత్తిలోంచి ఒక్క ఛానల్‌ని తీయలేడు. “పైనుంచే రావట్లేదు” అన్నప్పుడు ఆ అబ్బాయి చాలావరకు నిజమే చెబుతున్నాడు, పాపం అతన్ని తిట్టి లాభం లేదు.

హెడ్‌ఎండ్‌లో ఆపడానికి మూడు దారులు. రిసీవర్‌నే కట్టేస్తే ఆ నెట్‌వర్క్‌లో అందరికీ నల్లటి తెరో, “నో సిగ్నల్” అనో వస్తుంది. ఇది మొరటు పద్ధతి. రెండోది, చందాదారుల సాఫ్ట్‌వేర్‌లో ఆ ఛానల్‌ని ప్యాకేజీలోంచి తీసేయడం. అప్పుడు బాక్సులో “మీరు ఈ ఛానల్‌కు చందాదారు కారు” అన్న అర్థంలో మెసేజ్ వస్తుంది. దీన్ని ప్రాంతాలవారీగా చేయొచ్చు. ఒకే కంపెనీ బాక్సుల్లో ఒక రాష్ట్రంలో ఛానల్ వస్తూ పక్క రాష్ట్రంలో రాకపోవడం ఇలా సాధ్యమే. మూడోది అన్నిటికంటే తెలివైనది: ఛానల్ ఉంటుంది, కానీ న్యూస్ ఛానళ్ల వరుసలోంచి లేపి ఎక్కడో చివరి నంబర్లలో పడేస్తారు. అడిగితే “ఇస్తున్నాంగా” అంటారు. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం తెలుగు వార్తా ఛానళ్లన్నీ ఒకే చోట ఉండాలి, ఒకసారి ఇచ్చిన నంబర్‌ని కనీసం ఏడాది మార్చకూడదు. ఈ నిబంధనని అడిగేవాళ్లు తక్కువ.

అసలు ప్రశ్న, ఎంఎస్‌వో ఎందుకు తలొగ్గుతాడు అని. అతని రిజిస్ట్రేషన్ ఢిల్లీలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఇచ్చింది. దాన్ని రద్దు చేసే అధికారం రాష్ట్రానికి లేదు. కానీ అతని వైర్లన్నీ వేలాడేది కరెంటు స్తంభాల మీద. స్తంభాలు కరెంటు పంపిణీ సంస్థ డిస్కంవి, డిస్కం రాష్ట్రానిది. రోడ్డు తవ్వాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి. చాలా స్తంభాల మీది వైర్లకు పక్కా కాగితాలు ఉండవని అందరికీ తెలుసు. ఆ లేని కాగితమే అతని మెడ మీద కత్తి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు. దానికి కారణం భద్రత, మీడియాతో సంబంధం లేదు. కానీ ఇంటర్నెట్ కంపెనీలు హైకోర్టుకు పరిగెత్తాల్సి వచ్చిందంటే, స్తంభం చేతిలో ఉన్నవాడి బలం ఎంతో అర్థం చేసుకోవచ్చు. డీటీహెచ్ సిగ్నల్ ఆకాశం నుంచి నేరుగా ఇంటి మీదికి దిగుతుంది, స్తంభంతో పనిలేదు. కేబుల్‌లో మాయమైన ఛానల్ డీటీహెచ్‌లో మామూలుగా రావడానికి ఇంతకంటే పెద్ద రహస్యం లేదు.

పంపిణీదారు ప్రభుత్వమే అయితే ఈ బెదిరింపు కూడా అక్కర్లేదు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ రూ.149కే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఇస్తామంది. ధర ఆకర్షణీయమే, అభ్యంతరం ధర మీద కాదు. రాష్ట్ర ప్రభుత్వాలు, రాజకీయ పార్టీలు టీవీ పంపిణీలోకి రాకూడదని ట్రాయ్ 2008లోనూ, 2012లోనూ సిఫార్సు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం కూడా పంపిణీ రంగంలో ఉన్న ప్రభుత్వ సంస్థలు 2023 డిసెంబరు 31కల్లా తప్పుకోవాలని సలహా పత్రం ఇచ్చింది. గడువు పోయింది, ఫైబర్‌నెట్ పెట్టెలు ఇళ్లలోనే ఉన్నాయి.

దెబ్బ తగిలేది ఛానల్ జేబుకి. మన వార్తా ఛానళ్లు దాదాపు అన్నీ ఫ్రీ టు ఎయిర్. ప్రేక్షకుడి నుంచి పైసా రాదు, పైగా తమని చూపించినందుకు ఎంఎస్‌వోకి క్యారేజ్ ఫీజు తామే కట్టాలి. బతికేది ప్రకటనల మీద, ప్రకటనలు వచ్చేది ఏ ఛానల్‌ని ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగ్‌ని చూసి. 2020లో ఆపేసిన న్యూస్ రేటింగులను 2022లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాల సగటు పద్ధతి తెచ్చారు. అంటే ఒక్క వారం కట్ చేస్తే ఆ గుంట నాలుగు వారాల అంకెల్లో కనబడుతూనే ఉంటుంది. కోర్టు ఆర్డర్ తెచ్చుకుని రెండో వారంలో తిరిగొచ్చినా సేల్స్ వాళ్లు నెలంతా రేట్లు తగ్గించుకుని తిరగాల్సిందే. యజమానికి ఇంతకంటే సందేశం అక్కర్లేదు. ఆ తర్వాత డెస్క్‌లో ఏ వార్త కిందికి పోతుందో, ఏది అసలు రాదో బయటివాళ్లకు తెలిసే వీలు లేదు.

చట్టం మరీ చేతగానిదేం కాదు. సిగ్నల్ తెంపాలంటే కారణం రాసి మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రేక్షకులకు పదిహేను రోజుల ముందు నుంచి స్క్రీన్ మీద స్క్రోల్ వేయాలి. నిజంగానే విద్వేషం రేపే ప్రసారమైతే 1995 కేబుల్ చట్టం 19వ సెక్షన్ కింద కలెక్టరో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో, పోలీస్ కమిషనరో ఆర్డర్ ఇచ్చి ఆపించవచ్చు. కానీ ఆర్డర్ ఇస్తే దాని మీద కోర్టుకు వెళ్తారు, కారణం చెప్పాల్సి వస్తుంది. కాగితం ఉంటే ఏమవుతుందో మీడియావన్ కేసులో చూశాం. ఆ మలయాళం ఛానల్‌ని కేంద్రం 2022 జనవరిలో ఆపితే, సీల్డ్ కవర్లో ఇచ్చిన కారణాలు చెల్లవని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మన దగ్గర ఫోన్లతో పని జరిగిపోతుంటే కొట్టేయడానికి ఏముంటుంది?

నిబంధనల్లో ఒక కన్నం మాత్రం ఉంది. ఒక ఛానల్‌ని వరుసగా ఆరు నెలలు నెట్‌వర్క్ చందాదారుల్లో 5 శాతం కన్నా తక్కువమంది తీసుకుంటే ఎంఎస్‌వో దాన్ని చట్టబద్ధంగానే మానేయొచ్చు. బేస్ ప్యాక్‌లోంచి తీసేసి, అడిగినవాడికే ఇస్తామని కూర్చుంటే ఆ అంకె దానంతటదే పడిపోతుంది. అందుకే ప్యాక్ మారిన నెలలోనే గొడవ పెట్టుకోవాలి.

మీ ఇంట్లో ఛానల్ పోతే ముందు పక్కింటి డీటీహెచ్‌లో చూడండి. అక్కడ వస్తుంటే శాటిలైట్ దాకా అంతా బాగానే ఉన్నట్టు, ఇక టెక్నికల్ ప్రాబ్లం అన్న మాట హెడ్‌ఎండ్ గోడ దాటి బయటికి రాదు. తర్వాత స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ని, ఛానల్ నంబర్‌తో, తేదీ, టైము కనబడేలా వీడియో తీయండి. బాక్సు నంబర్ రాసి పెట్టుకోండి. లోకల్ ఆపరేటర్‌కి కాకుండా ఎంఎస్‌వో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ అడగండి. జవాబు రాకపోతే వాళ్ల నోడల్ ఆఫీసర్‌కి అదే నంబర్ వేసి మెయిల్ పెట్టండి. టెలికాం, ప్రసార వివాదాలు తేల్చే ఢిల్లీలోని ట్రిబ్యునల్ టీడీశాట్‌కి ఒంటరి ప్రేక్షకుడు వెళ్లలేడు, అతనికి వినియోగదారుల కమిషనే గతి. కానీ ప్రేక్షకుల బృందం వెళ్లొచ్చు. ఒకే కాలనీలో ఇరవై బాక్సుల వివరాలు ఒకే తేదీతో ఉంటే ఆ కాగితానికి బరువు వస్తుంది.

ఛానల్ తరఫు లాయర్లు మొదటి పిటిషన్‌లోనే అడగాల్సింది లాగ్‌లు. ఏ బాక్సుకి ఏ ఛానల్ ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు తీశారో ఎవరూ దిద్దలేని రికార్డు రెండేళ్లపాటు ఉంచాలని ట్రాయ్ నిబంధన. లక్షల బాక్సుల్లో ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే ఛానల్ డీయాక్టివేట్ అయినట్టు అందులో ఉంటే ఏ ఇంజనీరూ దాన్ని లోపం అనలేడు. కేసు రెండేళ్లు దాటి సాగితే ఆ రికార్డు ఉంచాల్సిన బాధ్యత కూడా తీరిపోతుంది. కాబట్టి లాగ్‌లను భద్రపరచమన్న ఆదేశం మధ్యంతర ఉత్తర్వుల్లోనే తెచ్చుకోవాలి.