బాలానగర్ ఆఫీసులో టేపు డ్రైవు బిగించిన వారం – నా అనుభవం

2001 ఎండాకాలం. బాలానగర్‌లో, టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ సంస్థకి దగ్గర్లోనే, డైలు, మోల్డుల డ్రాయింగులు చేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. డ్రాయింగులన్నీ ఒకే ఒక్క సన్ అల్ట్రా 10 కంప్యూటర్ మీద ఉండేవి. అందులో సన్ వాళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్ 8, లోపల 9 జీబీ డిస్కు ఒకటి, అంతే. అప్పుడప్పుడు ముఖ్యమైన ఫైళ్ళు పక్కనున్న పీసీకి ఎఫ్‌టీపీలో పంపేవాళ్ళం, అదీ గుర్తొస్తే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, రెండు నిమిషాలు కూడా ఆగలేదు. కరెంటు వచ్చాక మెషీన్ ఆన్ చేస్తే మామూలుగా పైకి రాలేదు, డిస్కులో తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామ్‌ని చేతితో నడపమని చెప్పి రూట్ పాస్‌వర్డ్ అడిగి ఆగిపోయింది. ఒక్కో ప్రశ్నకు వై కొడుతూ కూర్చున్నాను. మా ఓనరు సార్ నా కుర్చీ వెనకాలే నిలబడి ఉన్నారు, చేతిలో టీ చల్లారిపోయింది. చివరికి లాగిన్ తెర వచ్చాక ఆయన అడిగింది ఒకటే మాట. "ఈ డిస్కు పోతే మన దగ్గర ఏముంటది?"

"ప్రింటు తీసిన కాగితాలుంటాయి సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున రాగానే డిస్కులో ఉన్నదంతా కాపీ తీసి పెట్టుకునే టేపు డ్రైవు ఎంతవుతుందో కనుక్కోమన్నారు.

ఏ డ్రైవు కొనాలన్నది పెద్దగా ఆలోచించాల్సిన పని కాలేదు. సీడీ రైటర్ అయితే ఒక్కో సీడీకి 650 ఎంబీ, మా డిస్కు మొత్తానికి డజను పైన సీడీలు కావాలి, వాటిని ఒకటొకటిగా మార్చుతూ ఎవరు కూర్చుంటారు. డీఎల్‌టీ అనే పెద్ద రకం టేపు డ్రైవు ధర మా ఆఫీసుకు అందేది కాదు. అందుకని డీడీఎస్-3 అనే చిన్న రకం టేపు డ్రైవు తీసుకున్నాం. 4 మిల్లీమీటర్ల టేపు, 125 మీటర్ల పొడవు, కార్ట్రిజ్ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అందులో 12 జీబీ పడుతుంది. పెట్టె మీద 24 అని రాసి ఉంటుంది, అది కంప్రెషన్‌తో కలిపి చెప్పే లెక్క. మీ డేటా ఎంత నలుగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు కాబట్టి 12 అనే లెక్క వేసుకోవాలి. మాకు అదే చాలు, డిస్కు మొత్తం ఒక్క టేపులో పడుతుంది, రాత్రి టేపు మార్చడానికి మనిషి అక్కర్లేదు.

చిక్కు వచ్చింది కార్డు దగ్గర. అల్ట్రా 10 లోపల డిస్కు ఐడీఈ అనే పద్ధతిలో తగిలించినది, బోర్డు మీద ఇంకో పద్ధతైన స్కజీ లేదు. మన డ్రైవేమో స్కజీది. అదనపు కార్డులు పెట్టే పీసీఐ స్లాటులో స్కజీ కార్డు వేయాలి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను, అందరం సీటీసీ అనేదే. మొదటి షాపులో కుర్రాడు పీసీలకు వేసే కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఏదైనా ఒకటే అన్నా, పీసీఐ స్లాట్‌ల పడ్తే పనిచేస్తది" అన్నాడు. నాకు ఆ ధైర్యం లేదు. సన్ మెషీన్ ఆన్ అవగానే మొదట లేచేది ఓపెన్‌బూట్, కార్డు మీద ఎఫ్‌కోడ్ అనే ఫర్మ్‌వేర్ ఉంటేనే దానికి ఆ కార్డు వెనకున్న డ్రైవు కనబడుతుంది. పీసీ కార్డులో అది ఉండదు. తర్వాత సోలారిస్ దాన్ని గుర్తుపట్టినా పట్టకపోయినా, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు కార్డుదా కేబుల్‌దా డ్రైవుదా అని మొదటి మెట్టు దగ్గరే తేల్చుకునే దారి పోతుంది. పై అంతస్తులో పాత సర్వర్ల సామాను అమ్మే ఒక పెద్దాయన నా మాట వినగానే లోపలికి వెళ్ళి, సన్ మెషీన్ నుంచి తీసిన కార్డే తెచ్చి ఇచ్చాడు. "సన్‌కు సన్‌దే పెట్టు తమ్మీ, తిప్పలు పడకు" అన్నాడు. కార్డుకి బయట 68 పిన్నుల సాకెట్టు, డ్రైవుకి వెనక 50 పిన్నులది. ఆ రెండిటికీ సరిపోయే కేబుల్ కూడా ఆయన దగ్గరే దొరికింది. టెర్మినేటర్ అడగాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

బిగించడం తేలికే. స్కజీ కేబుల్ కరెంటు ఉండగా పెట్టకూడదు, తీయకూడదు, రెండూ ఆపేశాకే. డ్రైవు వెనక చిన్న బటన్ నొక్కితే స్కజీ లైను మీద దాని నంబరు, అంటే ఐడీ, మారుతుంది, 4 పెట్టాను. 7 కార్డుది, దాన్ని ముట్టుకోకూడదు. సన్ వాళ్ళ అలవాటు ప్రకారం టేపుకి 4 గాని 5 గాని ఇచ్చేవారు, మా కార్డు మీద వేరే ఏమీ లేవు కాబట్టి ఏదైనా ఫర్వాలేదు, అయినా తర్వాత వచ్చేవాడికి తేలికని అలవాటే పాటించాను. ఆన్ చేసేటప్పుడు ముందు డ్రైవు, అది తనను తాను పరీక్షించుకుని లైట్లు స్థిరపడ్డాక మెషీన్.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్టాప్-ఏ మీటలు కొట్టి ఓపెన్‌బూట్ ఓకే ప్రాంప్ట్‌కి వచ్చి, స్కజీ మీద ఏమేం ఉన్నాయో వెతికే ప్రోబ్-స్కజీ-ఆల్ నేరుగా కొడితే మెషీన్ బిగుసుకుపోవచ్చు. అదే తెర మీద హెచ్చరిస్తుంది, ముందు రీసెట్-ఆల్ చేయమని. రీసెట్ చేస్తే మళ్ళీ తనంతట తాను బూట్ అయిపోతుంది కాబట్టి ఆటో-బూట్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేసి, తర్వాత రీసెట్ కొట్టి, అప్పుడు ప్రోబ్ చేయాలి. చేశాను. టార్గెట్ 4, పక్కన రిమూవబుల్ టేప్ అనే మాట, తయారీదారు పేరు. ఆ ఒక్క లైను చూడగానే సగం టెన్షన్ తీరింది, ఎందుకంటే కార్డు, కేబుల్, ఐడీ మూడూ మాట్లాడుకుంటున్నాయని అర్థం. ఆటో-బూట్‌ని మళ్ళీ ట్రూ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు మెషీన్ ఓకే ప్రాంప్ట్ దగ్గరే నిద్రపోతుంది.

తర్వాత బూట్ మైనస్ ఆర్. ఆ ఆర్ పెడితే బూట్ అయ్యేటప్పుడు కొత్త పరికరాలను వెతికి వాటికి డివైస్ ఫైళ్ళు తయారుచేస్తుంది. లేచాక డెవ్ కింద ఆర్‌ఎంటీ డైరెక్టరీలో చూస్తే 0, 0ఎన్, 0సీ, 0సీఎన్... పేర్లు వరుసగా వచ్చి కూర్చున్నాయి. ఇన్ని పేర్లున్నా డ్రైవు ఒకటే. సీ ఉంటే కంప్రెషన్‌తో, ఎన్ ఉంటే పని అయ్యాక టేపుని వెనక్కి తిప్పకుండా అక్కడే ఆపుతుంది. ఆ ఎన్ అక్షరం నాకు ఒక రాత్రంతా తినేసింది, కిందికి వెళ్తే చెప్తాను. టేపు పెట్టి టేపుని నడిపే ఎంటీ కమాండ్‌తో స్టేటస్ అడిగితే మొదటిసారి యూనిట్ అటెన్షన్ అంది, భయపడ్డాను. అది తప్పేం కాదు, కొత్త టేపు పెట్టారని డ్రైవు చెప్పడం. రెండోసారి కొడితే ఫైల్ నంబరు 0, బ్లాక్ నంబరు 0 అని చక్కగా చూపించింది. టార్ అనే ప్రోగ్రామ్‌తో ఒక చిన్న డైరెక్టరీ రాసి చదివాను, వచ్చింది.

అయిపోయిందనుకున్నాను. సాయంత్రం అందరూ వెళ్ళాక మెషీన్‌ని ఇంకెవరూ వాడలేని సింగిల్ యూజర్ మోడ్‌లోకి దింపి, డిస్కులో డ్రాయింగులున్న భాగాన్ని, అంటే పార్టిషన్‌ని, టేపు మీదికి కాపీ చేసే యూఎఫ్‌ఎస్‌డంప్ మొదలుపెట్టాను. ఫైళ్ళు మారుతూ ఉండగా డంప్ తీస్తే అందులో ఉన్నది నమ్మలేం, అందుకే ఎవరూ లేనప్పుడు. పావుగంట బాగానే నడిచింది, తర్వాత కన్సోల్ మీద స్కజీ ట్రాన్స్‌పోర్ట్ ఫెయిల్డ్ అంటూ వార్నింగులు, రీసెట్లు, చివరికి గివింగ్ అప్. మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఐదు నిమిషాలకే. టేపు మార్చాను, అదే తంతు. క్లీనింగ్ కార్ట్రిజ్ పెట్టి తీశాను, అదే. చిన్న టార్ మాత్రం ఎప్పుడు కొట్టినా పనిచేస్తోంది!

రాత్రి తొమ్మిదింటికి డ్రైవు తిప్పి వెనక చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది. రెండు సాకెట్లున్నాయి, ఒకదాంట్లో కేబుల్, రెండోది ఖాళీ. స్కజీ లైనుకి రెండు చివర్లా టెర్మినేటర్ ఉండాలి. కార్డు వైపు కార్డే చూసుకుంటుంది, డ్రైవు వైపు ఆ ఖాళీ సాకెట్టులో పెట్టాలి. లేకపోతే వెళ్ళిన సిగ్నల్ చివర్లో గోడకు తగిలిన గొంతులా తిరిగొచ్చి తర్వాతి సిగ్నల్‌తో కలిసిపోతుంది. నాలుగు మాటలైతే ఎలాగో నెట్టుకొస్తుంది, గంటసేపు ఆపకుండా డేటా పంపితే తప్పకుండా ఎక్కడో తడబడుతుంది. ప్రోబ్‌లో డ్రైవు కనబడింది కదా అని లైను మంచిదే అనుకోవడం నా పొరపాటు. మర్నాడు మళ్ళీ సీటీసీ, మళ్ళీ అదే పెద్దాయన, "నిన్ననే అడుగుతవనుకున్న" అంటూ 50 పిన్నుల యాక్టివ్ టెర్మినేటర్ చేతిలో పెట్టాడు. బొటనవేలంత వస్తువు. అది పెట్టాక మళ్ళీ ఒక్క వార్నింగ్ రాలేదు.

ఆ రాత్రి స్క్రిప్టు రాసి వదిలేశాను. ముందు డ్రాయింగుల పార్టిషన్, తర్వాత సోలారిస్ ఉండే రూట్, తర్వాత లాగుల్లాంటివి ఉండే వార్. ఈ డ్రైవు సెకనుకు 1 ఎంబీ చొప్పున రాస్తుంది, మాది అంతా కలిపి 6 జీబీ లోపు, రెండు గంటల్లోపు పని. పొద్దున లాగ్ చూస్తే మూడు చోట్లా డంప్ ఈజ్ డన్ అని ఉంది. సార్‌కి చెప్పాను, ఆయన టేపుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇండ్ల అన్నీ ఉన్నయా?" అని అడిగారు. ఉన్నాయనబోయి ఆగాను. "ఒకసారి తీసి చూపిస్తాను సార్" అన్నాను.

డంప్‌ని తిరిగి తీసే యూఎఫ్‌ఎస్‌రిస్టోర్‌తో జాబితా అడిగితే డ్రాయింగులు లేవు. వార్ పార్టిషన్ ఫైళ్ళున్నాయి, అవి మాత్రమే ఉన్నాయి. ఎంటీతో ముందుకు జరపబోతే అక్కడ ఇంకేమీ లేదు. చేతులు చల్లబడ్డాయి. స్క్రిప్టు తెరిచి చూస్తే మూడు లైన్లలోనూ 0 అని రాశాను, 0ఎన్ అని కాదు. మొదటి డంప్ అవగానే టేపు వెనక్కి తిరిగింది, రెండోది దాని మీదే రాసింది, మూడోది రెండోదాని మీద. ఎక్కడా ఎర్రర్ లేదు, ఎందుకంటే చెప్పింది చెప్పినట్టే చేసింది. సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు, "ఇయ్యాల దెలిసింది, మంచిదైంది" అన్నారు.

మూడు చోట్లా ఎన్ చేర్చి మళ్ళీ రాత్రి నడిపించాను. టేపు పెట్టె చీటీ మీద పెన్నుతో రాశాను: 0 డ్రాయింగులు, 1 రూట్, 2 వార్. అత్యవసరంలో అందరూ ముందు అడిగేది డ్రాయింగులే కాబట్టి అవి టేపు మొదట్లోనే ఉండాలని నా పట్టుదల, ముందుకు జరిపే పని కూడా ఉండదు.

అయినా నాకు తృప్తి కలగలేదు. ఒక ఫైలు తిరిగి రావడం వేరు, డిస్కే పోయినప్పుడు మెషీన్ మొత్తం నిలబడడం వేరు. ఇంకో డిస్కు కొనిపించి ఆదివారం ఆఫీసుకి వెళ్ళాను. డ్రాయింగులు వేసే మా సీనియర్ డిజైనర్ అన్న కూడా తోడొచ్చాడు. పాత డిస్కు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాం, ఎలాగూ దానికి ఏమీ కాదని ధైర్యం. కొత్తది అదే స్థానంలో పెట్టాను. సోలారిస్ సీడీ నుంచి సింగిల్ యూజర్‌లో బూట్ చేశాను, డ్రైవు ముందే ఆన్‌లో ఉండాలి, లేదంటే దానికి టేపు కనబడదు. పార్టిషన్లు ఎంతెంత అన్నది డంప్‌లో ఉండదు! అదృష్టవశాత్తూ ఆ కొలతలు చూపించే ప్రింట్‌వీటాక్ అవుట్‌పుట్ ముందు రోజే కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకున్నాను, అది చూసే ఫార్మాట్ ప్రోగ్రామ్‌లో అంకెలు కొట్టాను. తర్వాత న్యూఎఫ్‌ఎస్‌తో ఖాళీ ఫైల్ సిస్టమ్‌లు తయారుచేసి, మౌంట్ చేసి, టేపుని ఫైల్ 1 దగ్గరికి జరిపి రూట్ రిస్టోర్, ఆ తర్వాత వార్, టేపు వెనక్కి తిప్పి డ్రాయింగులు. చివర ఇన్‌స్టాల్‌బూట్‌తో బూట్ బ్లాక్ రాయాలి. దీన్ని వదిలేస్తే ఫైళ్ళన్నీ ఉన్నా మెషీన్ లేవదు. ప్రతి మెట్టూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ పోయాను, నేను లేని రోజున ఇంకెవరైనా చేయగలగాలి కదా.

సాయంత్రం నాలుగున్నరకి రీబూట్ కొట్టాను. లాగిన్ తెర వచ్చింది. అన్న కూర్చుని ఒక డై డ్రాయింగు తెరిచి, దగ్గరికి జరిపి, ఒక మూల వేలు పెట్టి చూపించాడు.

"గీ హోల్ చూడు తమ్మీ, శుక్రారం సాయంత్రం పది మిల్లీల కెళ్ళి పన్నెండుకు మార్చిన. పన్నెండే ఉంది."