ఐదో వాక్యం

సోమవారం, రాత్రి 9:30

పొద్దుటి నుంచీ కళ్లముందు ఒకే కాగితం ఆడుతోంది: డబ్ల్యూహెచ్‌ఓ-5, మనసు ఎలా ఉందో చూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన చిన్న ప్రశ్నావళి. ఐదే వాక్యాలు. ఉల్లాసంగా ఉన్నాను. ప్రశాంతంగా ఉన్నాను. చురుగ్గా ఉన్నాను. నిద్ర లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంటోంది. నాకు ఆసక్తి ఉన్న సంగతులతో రోజు నిండుగా గడుస్తోంది. గడిచిన రెండు వారాలు తలచుకుని ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కు వేసుకోవాలి. మొత్తం 25, నాలుగుతో గుణిస్తే వందకి లెక్క. 25కి 13 కూడా రాకపోతే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి.

పెద్దవాళ్ల కాగితంలో మొత్తం కన్నా ఆ ఐదో మార్కే ముందు చూడాలనిపిస్తుంది. ఉల్లాసం వస్తుంది, పోతుంది. 'రేపు నాకో పనుంది' అన్నది వేరు. షికాగోలోని రష్ యూనివర్సిటీ పరిశోధకులు 2010లో చెప్పింది దీని గురించే. డిమెన్షియా (జ్ఞాపకం, తెలివి తగ్గిపోయే జబ్బు; అల్జైమర్స్ అందులో ఒకటి) లేని 900 మందికి పైగా వృద్ధులను ఏడేళ్ల దాకా గమనించారు. బతుక్కో అర్థం ఉందన్న స్కోరు బాగా ఎక్కువున్నవాళ్లు అల్జైమర్స్ రాకుండా ఉండే అవకాశం, బాగా తక్కువున్నవాళ్లకంటే సుమారు 2.4 రెట్లు. 2012లో, చనిపోయినవారి మెదళ్లు పరీక్షించి ఇంకో మాట కూడా చేర్చారు: జబ్బు మార్పులు అంతే ఉన్నా, అలాంటివాళ్ల తెలివి మెరుగ్గా నిలిచిందని.

కానీ ఏది ముందు, ఏది వెనక? బ్రిటన్‌లో పదివేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను 28 ఏళ్లు వెంటాడి చూస్తే, డిమెన్షియా బయటపడటానికి సుమారు 11 ఏళ్ల ముందు నుంచే డిప్రెషన్ లక్షణాల్లో తేడా కనిపించింది. అంటే ఆసక్తి చావడం జబ్బుకు దారి కావచ్చు, జబ్బు తొలి అడుగూ కావచ్చు. డెబ్బయ్యేళ్లాయన ఉన్నట్టుండి చదరంగం మానేస్తే 'వయసు కదా' అని ఊరుకోకూడదు. చెవి, చూపు, థైరాయిడ్, బి12, కొత్తగా మొదలైన నిద్రమాత్రలు, అన్నీ చూపించాలి. చెవి మందగించినవాళ్లు ముందు మాటల్లోంచి తప్పుకుంటారు, తర్వాత మనుషుల్లోంచి. లాన్సెట్ వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, డిమెన్షియాకు దారితీసే 14 ముప్పుల్లో వినికిడి, చూపు, డిప్రెషన్, నలుగురికీ దూరమవడం నాలుగూ ఉన్నాయి.

ఇక పని అప్పగించడం. పని చిన్నదైనా మొదలూ చివరా వాళ్ల చేతిలోనే ఉండాలి. దానికోసం ఎదురుచూసే మనిషి ఒకరుండాలి. ఫలానా రోజు, ఫలానా వేళ అని ఉండాలి. బుధవారం సాయంత్రం నాలుగింటికి ఓ పిల్లవాడికి అరగంట భిన్నాలు చెప్పాలనుకోండి. ముందురోజే పుస్తకం తిరగేస్తారు. కళ్లజోడు రెండుసార్లు తుడుస్తారు. వాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే చూపు గుమ్మం మీదే. ఉత్తుత్తి పని ఇస్తే మాత్రం రెండోరోజుకే పసిగడతారు.

చెడగొట్టేది చాలాసార్లు ప్రేమే. "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం." బిల్లు కట్టడంలో ఒక్క తప్పు దొర్లితే ఇంటిలెక్కంతా లాగేసుకుంటారు. ఎందుకు? లెక్క రాయడం వాళ్లకే ఉంచి, డబ్బు పంపేటప్పుడు పక్కన కూర్చుంటే సరిపోయే చోట!

రెండు వారాలయ్యాక మళ్లీ అదే కాగితం. పెన్ను వాళ్ల చేతికే ఇవ్వాలి. పక్కనున్న కొడుకో కూతురో "బాగానే ఉంటారులే, నాలుగు వేసెయ్" అన్నారంటే ఇంక ఆ కాగితం చింపేసి కొత్తది తీసుకోవడమే.