నాలుగు కడ్డీల మీటరు, నాయిన గుండె

మా నాయిన ముప్పై ఏండ్ల సంది బోరు పాయింట్లు చూస్తున్నడు. దేవరకొండ, చింతపల్లి, మర్రిగూడ దిక్కు ఎవరి చెలకల బోరు ఎయ్యాలన్నా ముందు ఆయన్నే పిలుస్తరు. టెంకాయ అరచేతుల పెట్టుకొని తిరిగేటోళ్లు ఉన్నరు, వేపపుల్ల పట్టేటోళ్లు ఉన్నరు, మా నాయినది మాత్రం మీటరు. నాలుగు ఇనుప కడ్డీలు, ఒక సుత్తె, వైరు చుట్టలు, ఒక డబ్బా, గంతే. ఎండాకాలం సెలవులల్ల ఆ వైరు చుట్ట భుజాన ఏసుకొని ఆయనెనక నడిచేటోన్ని.

కడ్డీలు ఒకే లైన్ల దిగగొట్టి, బయటి రెండింటి నుంచి భూమిలకు కరెంటు పంపి, లోపటి రెండింటి నడుమ ఓల్టేజీ చూస్తరు. నీళ్లు పట్టిన పగుళ్లున్న రాయి అయితే రెసిస్టెన్స్, అంటే కరెంటుకు తగిలే అడ్డం, తక్కువ, మా దిక్కు ఉండే ఎండు నల్లరాయి అయితే ఆకాశమంత ఎక్కువ. కడ్డీలు దగ్గరదగ్గర ఉంటే పై మన్ను ముచ్చటే తెలుస్తది, దూరం జరుపుకుంట పోతె లోతు తెలుస్తది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది.

పోయినేడు నాయినకు దడ మొదలైంది. కూసున్న కాడ కూసున్నట్టే గుండె చేపపిల్ల లెక్క కొట్టుకునుడు, రెండు గెట్లు దాటేసరికి ఆయాసం. ఊర్ల గ్యాస్ అన్నరు, నాలుగు నెలలు గ్యాస్ గోలీలు మింగిండు, ఆ నాలుగు నెలలు తలుసుకుంటె నాకు ఇప్పటికీ కడుపుల మండుతది. నల్లగొండల ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది, అంటే గుండె పైగదులు కొట్టుకోవాల్సినట్టు కొట్టుకోక ఊకె వణుకుతుంటయి, రక్తం అక్కడ నిలవడి గడ్డ కట్టి మెదడుకు పోతె పక్షవాతం. మందులకు లొంగలే. ఆఖరికి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ హైదరాబాద్ తీస్కపోయినం, అబ్లేషన్ చెయ్యాలన్నరు.

తొడ కాడి రక్తనాళంల నుంచి సన్నటి తీగ, క్యాథెటర్ అంటరు, గుండెల దాకా పంపి కొనతోని కండను కొద్దికొద్దిగ కాలుస్తరు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ పైగదిలకు వచ్చే నాళాలు ఉంటయి, ఎక్కువ మందికి నాలుగు, ఈ తప్పుడు సిగ్నళ్లు చానావరకు అక్కడ్నే పుడతయని 1998ల ఫ్రాన్స్ దేశంల బోర్డో డాక్టర్లు చూపెట్టిన్రు. ఆ నాళాల మూతుల చుట్టూ కాల్చి కట్ట పోస్తే సిగ్నల్ ఇవతలికి దాటదు, చెలక చుట్టూ గెట్టు పోసినట్టే.

ముందురోజు సాయంత్రం డాక్టర్ సార్ వచ్చి అన్నీ చెప్పి, ఏమన్నా అడుగుతవా పెద్దాయనా అంటే నాయిన ఒక్కటే అడిగిండు, "సార్, లోపట కండ కాలిందో లేదో మీకెట్ల తెలుస్తది?" సార్ "రెసిస్టెన్స్ చూస్తం, ఇంపీడెన్స్ అంటం మేము" అన్నడు. నాయిన మంచం మీద లేచి కూసున్నడు.

ఆ తర్వాత అర్ధగంట ఇద్దరు ముచ్చట పెట్టిన్రు. నాకు అర్థమైనంత రాస్తున్న. కాల్చే కరెంటు సెకనుకు ఐదు లక్షల సార్ల దాకా అటూ ఇటూ ఊగే రకం, అంత స్పీడుకు గుండె కండ ఉలికిపడదు, వేడి మాత్రం పుడతది. కొన కాడ మిల్లీమీటరో రెండో మేర కరెంటుతోని నేరుగ కాగుతది, ఆ కింద అంతా వేడి పాకుడే. యాభై డిగ్రీలు దాటితే ఆ కండ చచ్చిపోయి మళ్ల సిగ్నల్ మొయ్యదు. నూరు దాటిందా, లోపట నీరు ఆవిరై టప్పుమని పేలుతది, గుండెకు చిల్లు పడే ప్రమాదం. పైగది గోడ చానా కాడ రెండు మూడు మిల్లీమీటర్లే, ఎనక ఆనుకొని అన్నవాహిక ఉంటది. గంత సన్నటి గోడ మీద ఎంతసేపు కాల్చాల్నో ఎట్ల తెలుస్తది అంటే, వేడి ఎక్కినకొద్ది కండల ఉప్పునీటి అయాన్లు, అంటే కరెంటు మోసే కణాలు, సులువుగ కదుల్తయి, డిగ్రీకి సుమారు రెండు శాతం కరెంటు బాగ పారుతది, అందుకే రెసిస్టెన్స్ దిగుతది. మొదలు నూరు నూటిరవై ఓమ్‌లు (రెసిస్టెన్స్ కొలత) ఉన్నది ఒక పది ఓమ్‌ల మేర తగ్గితే కండ కాలిందని లెక్క. అస్సలు దిగకపోతే కొన కండకు ఆనలేదు, రక్తమే వేడెక్కి కొట్టుకపోతున్నది. దిగినట్టే దిగి ఒక్కసారి పైకి లేస్తే కొన మీద రక్తం మాడి గడ్డ కట్టింది, లేకపోతే ఆవిరి పుడుతున్నది, ఎంటనే ఆపాలె.

"అయితె ఇంకో కడ్డీ ఏడ పెడతరు?" అన్నడు నాయిన. సార్ నవ్వి, ఈపుకు ఒక పట్టీ అంటిస్తం, కరెంటు అండ్లకెల్లి బయటికి పోతది అన్నడు. నాయిన ఎంటనే, "మరి గట్లయితె నడుమ ఊపిరితిత్తులు, కొవ్వు, చర్మం అన్నీ కలిసొస్తయి గద సార్, గుండె ముచ్చట ఎట్ల ఏరుతరు?"

ఈ ప్రశ్న కోసమే నేను ఈ పోస్టు రాస్తున్న. సరిగ్గ దీనికే కొత్త క్యాథెటర్లల్ల కొన మీదనే చిన్నచిన్న ఎలక్ట్రోడ్లు, మన కడ్డీల అసుంటియే, మిల్లీమీటర్ల దూరంల పెడుతున్నరంట, వాటి నడుమ చిన్న కరెంటు పంపి ఆ కాడి రెసిస్టెన్సే చూస్తరు, లోకల్ ఇంపీడెన్స్ అంటరు. కడ్డీలు దగ్గర పెడితే దగ్గరి ముచ్చటే తెలుస్తది గద, గదే ఇక్కడ కావాలె. రక్తం రెసిస్టెన్స్ కండ కంటె తక్కువ, కాబట్టి కొన కండకు ఆనంగనే అంకె పెరుగుతది, కాల్చకముందే ఆనిందో లేదో తెలుస్తది. పాత మచ్చ పడ్డ కండ మంచి కండ కంటె తక్కువ చూపెడ్తది.

కానీ అంకె ఒక్కదాన్నే నమ్మొద్దని కూడ సార్ చెప్పిండు. క్యాథెటర్ జారి ఊపిరితిత్తి నాళం లోపటికి పోయినా రెసిస్టెన్స్ పెరుగుతది, కండకు బాగ ఆనినట్టే కనపడ్తది. నాయినకు ఇది చెప్పాల్సిన పనే లేదు, "బంకమట్టి లెక్క" అన్నడు. బంకమట్టి కూడ రెసిస్టెన్స్ తక్కువే చూపెడ్తది, నీళ్లున్నయని బోరేస్తే బిందెడు రావు, గట్ల ఆయన కండ్లముందే రెండు మూడు కుటుంబాలు అప్పులపాలైనయి. అందుకే రాయి చూసి, చుట్టుపక్కల బోర్లు అడిగి, అప్పుడు పాయింట్ పెడతడు. డాక్టర్లు కూడ గుండె లోపటి మ్యాప్, కొన కండను ఒత్తే ఒత్తిడి, గుండె సిగ్నల్ అన్నీ కలిపి చూస్తరంట.

తెల్లారి మత్తిచ్చి లోపటికి తీస్కపోయిన్రు. మూడు గంటలు బయట కూసున్నం, అమ్మ ఒక్క మాట మాట్లాడలే. సార్ బయటికొచ్చి నాళాలన్నీ కట్ట పడ్డయి, సిగ్నల్ దాటుతలేదు అన్నడు, అమ్మ అప్పుడు ఏడ్చింది.

మెలకువ రాంగనే నాయిన "ఎంత దిగింది?" అని అడిగిండు. తెల్లారి సార్ స్క్రీన్ మీది గీతలు ఫోన్ల తీసుకొచ్చి చూపెట్టిండు, ఒక కాడ 118 నుంచి 104. నాయిన బోరు రీడింగులు రాసే నోటుబుక్కు తెప్పించుకొని, మర్రిగూడ దిక్కు చూసిన ఒక చెలక లెక్కల కింద, తారీఖు ఏసి ఆ రెండంకెలు రాసుకున్నడు. రక్తం పల్చబడే గోలీలు ఇంకా నడుస్తున్నయి, మొదటి మూడు నెలలు మధ్యమధ్యల దడ రావొచ్చన్నరు, రెండుసార్లు వచ్చి పోయింది. వచ్చే మంగళవారం మళ్ల ఈసీజీకి పోతున్నం.