ఫ్లిండర్స్ కొండల దారిలో ఈము బుష్

దక్షిణ ఆస్ట్రేలియాలో క్వార్న్ ఊరు దాటాక రోడ్డు మీద దాదాపు మనమే. ఎర్రమట్టి, బూడిదరంగు తుప్పలు, దూరాన ఫ్లిండర్స్ కొండలు. హాకర్ ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా పల్లపు నేలలో నడుమెత్తు పొద ఒకటి ఎర్రగా పూసి కనిపించింది. కారు ఆపమన్నాను.

"తుప్ప తుప్పకీ ఆగితే విల్పీనా చేరేసరికి చీకటి పడుతుంది. చీకట్లో కంగారూలు అడ్డమొస్తే నాకు టెన్షన్," అని సణుగుతూనే బావ పక్కకి తీశాడు.

ఈము బుష్ అని చూడగానే తెలిసిపోయింది. పువ్వు గొట్టంలా ఉంటుంది. నాలుగు రేకులు పైకి, అడుగు రేకు ఒక్కటే వెనక్కి చుట్టుకుని, కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. తేనె తాగడానికొచ్చే పిట్ట తలకి పుప్పొడి అంటాలిగా మరి! చిక్కల్లా ఏమిటంటే, వీటిలో రెండు వందలకు పైగా జాతులున్నాయి. ఇక్కడ నా అనుమానం రెండింటి మీద: మాక్యులాటా, గ్లాబ్రా. ఎరుపు, నారింజ, పసుపు రెండింటికీ ఉన్నాయి కాబట్టి రంగు చూసి లాభం లేదు. అందరూ ఫొటో తీసేది మాత్రం ఆ రంగునే!

పొద్దున పోర్ట్ అగస్టాలో, 1996లో తెరిచిన ఎడారి మొక్కల తోటలో ఈము బుష్‌లు బోలెడు చూశాం. అక్కడే పూల కాడలు చూడటం అలవాటైంది. గ్లాబ్రా కాడ మరీ పొట్టి, ఉందా లేదా అన్నట్టుంటుంది. మాక్యులాటాది పొడవు, ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా మెలిక తిరుగుతుంది.

గొంతుక్కూర్చుని ఒక పువ్వుని వేలితో ఎత్తి చూశాను. కాడ కొమ్మ నుంచి కిందికి వంగి మళ్ళీ పైకి లేచింది. గొట్టం లోపల ముదురు రంగు మచ్చలు. మాక్యులాటాయే, సందేహం లేదు. బావ ఒక ఆకు తుంచబోతే వద్దన్నాను. వీటి ఆకుల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. ఆకలి మీదున్న గొర్రెలు మేసి చచ్చిపోతుంటాయి.

ఈము బుష్‌లన్నీ చేరిన ఈ ప్రజాతికి ఎరెమోఫిలా అని 1810లో పేరు పెట్టినవాడు వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. 1802లో నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ ఓడలో ఈ తీరానికే వచ్చాడు. క్వార్న్ దగ్గరి మౌంట్ బ్రౌన్ ఆయన పేరు మీదిదే.

హాకర్ దాటాక రాళ్ళ వాలు మీద మరో పొద, గుత్తులుగా కాగితం లాంటి రెక్కల కాయలతో. దీనికి కాడలూ మచ్చలూ వెతకక్కర్లేదు, హాప్ బుష్. ఇదే జాతి మన రాయలసీమ కొండల మీదా పెరుగుతుంది. బావది మదనపల్లె.

"హార్స్‌లీ హిల్స్‌లో చూసినట్టుందే," అంటూ ఈసారి తనే ముందు దిగాడు.