చీరల షాపులో యోగా క్లాసు

నెల్లూరులో యోగా నేర్పేవాళ్లం చాలామందిమే ఉన్నాం. ఎవరి బోర్డు చూసినా బరువు తగ్గడం, షుగర్, టెన్షన్ ఈ మూడే. కొత్తగా దిగే టీచర్ నిలదొక్కుకోవాలంటే, ఫలానా పని చేసేవాళ్ల ఒళ్లు నాకు బాగా తెలుసని చెప్పుకోగలగాలి. నేను పట్టుకున్నది బట్టల షాపుల్లో పనిచేసే ఆడపిల్లల్ని.

పొద్దున పదికి కౌంటర్ దగ్గర నిలబడితే రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. గిరాకీ లేకపోయినా కూర్చోనివ్వని షాపులున్నాయి. పనివాళ్లకు కూర్చునే వసతి ఇవ్వాలని కేరళ 2018లో, మన పక్కనున్న తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఇక్కడా ప్రతి కౌంటర్ వెనక ఒక స్టూలు చూడాలని నాకు గట్టిగా ఉంది.

కాళ్లలోని రక్తం పైకెక్కాలంటే పిక్కలు కదలాలి. కదలకుండా నిలబడితే కిందే నిలిచిపోతుంది. ఒకమ్మాయి చీలమండ పైన బొటనవేలితో నొక్కి చూపించింది. "చూడక్కా, వేలు తీసినా గుంట అట్టే ఉంది." చెప్పు పట్టీ అచ్చు కూడా పాదం మీద ఎర్రగా పడి ఉంది.

షట్టర్ ఎత్తి, ఊడ్చి, దేవుడికి అగరొత్తులు వెలిగించాక గిరాకీ మొదలయ్యేలోపు అరగంట దొరుకుతుంది. అదే మా క్లాసు. చీరలు పరిచి చూపించే తెల్ల పరుపులే మా మ్యాట్లు. అందరూ యూనిఫామ్ చీరల్లో ఉంటారు కాబట్టి కాళ్లు పైకెత్తే ఆసనాలు అక్కడ చేయించను. నిటారుగా నిలబడే తాడాసనంలో మడమలు ఎత్తి దించడం, నడుమును పక్కలకు తిప్పే కటిచక్రాసనం, అంతే. మడమలెత్తడం చీరలు మడతపెడుతూ కూడా చేసుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు మాత్రం గోడకు కాళ్లు ఆనించి పది నిమిషాలు విపరీతకరణి చేయమంటాను. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆసనాలు వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను. ఈ మాట ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజే చెప్తాను.

ఓనర్లతో మనశ్శాంతి గురించి మాట్లాడను. పండగ సీజన్లో కాళ్లనొప్పులని సెలవులు పెట్టేవాళ్లు తగ్గితే మీకెంత కలిసొస్తుందో లెక్క వేసుకోండి అంటాను. ఫీజు ఓనరే కట్టాలి, జీతంలో కోయకూడదు. ఈ షరతు దగ్గర బేరం లేదు. ఆషాఢం సేల్స్‌లో, దసరాకి క్లాసు పది నిమిషాలకు కుదిస్తాం గానీ మానం.

ఈ పిల్లలు ఎక్కువకాలం ఒకేచోట ఉండరు. జీతం ఓ వెయ్యి పెరిగితే పక్క షాపుకి మారతారు. మారినచోట ఓనర్‌ని నా క్లాసు పెట్టించమని అడుగుతారు. పాంప్లెట్లు పంచితే రాని పని ఇలా వస్తోంది.

ఇప్పుడు ఆచారి వీధి నుంచి నగల పనివాళ్ల కోసం అడిగారు. వాళ్లది కూర్చుని, మెడ వంచి చేసే పని. ఒక రోజంతా వాళ్ల పక్కన కూర్చుని చూశాకే మాట ఇస్తానని చెప్పాను.