చీకటి పడితే చుట్టం ఉండకూడని ఇల్లు

మాది తాళ్ళరేవు. పక్కనే కోరంగి. ఇప్పుడందరూ మడ అడవి చూడ్డానికొస్తారు గానీ, 1839 ఉప్పెన ముంచేయక ముందు అది ఓడలు కట్టిన రేవు. ఈ తీరం నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళ వల్లే బర్మాలో తెలుగువాళ్ళకి 'కోరంగీ'లని పేరొచ్చింది. మా ముత్తాతగారూ రంగం రేవులో బస్తాలు మోశారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే అడవుల్లో నడిచి ఇల్లు చేరారు. ఆ నడక గురించి మామ్మ చెబుతుంటే అన్నం తినడం మర్చిపోయేవాణ్ణి.

2006లో నేనూ వెళ్ళాను. సైన్యం గద్దెనెక్కి అప్పటికి 44 ఏళ్ళు. విలేకరినని చెబితే రానివ్వరని టూరిస్టు వీసా తీసుకున్నాను. రంగంలో కూడళ్ళ దగ్గర ఎర్ర బోర్డులు: బయటివాళ్ళకి తొత్తులైనవారిని ఎదిరించండి అని. పొద్దున్నే సర్కారు పేపరు తెరిస్తే అందులోనూ అవే మాటలు. 1970లో పైనుంచి హుకుం వచ్చి బళ్ళన్నీ రోడ్డుకి కుడి పక్కకి మారాయట. నేను ఎక్కిన టాక్సీకి ఇంకా స్టీరింగు కుడివైపే. ముందు బండిని దాటాలంటే డ్రైవరు సగం రోడ్డు మీదకి వెళ్ళి తొంగిచూడాల్సి వచ్చేది.

నోట్సు తెలుగులో రాసుకున్నాను. అయినా భయమే. అందుకని నాతో మాట్లాడిన ప్రతి మనిషికీ ఒక గోదావరి చేప పేరు పెట్టాను. పండుగప్ప, మాగ, కొరమేను. ఎవరు ఎవరో ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పెగూ అనే ఊరు వెళ్ళాను. అక్కడ కొరమేను వాళ్ళమ్మగారు ఉన్నారు. అక్కడే పుట్టిన మనిషి, కోరంగి కళ్ళచూడలేదు. "ఏ ఊరు బాబూ మనది?" అనడిగారు. ఆ 'మనది' దగ్గరే నా గొంతు పూడుకుపోయింది. చింతపండు పోసి చేపల పులుసు పెట్టారు. మా ఇంట్లో లాగే, ముక్క విరగకుండా గిన్నె పట్టుకుని తిప్పారు.

పొద్దు వాలేసరికి కొరమేను కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆ దేశంలో సొంత చెల్లెలు వచ్చి రాత్రికి పడుకున్నా వార్డు ఆఫీసులో చెప్పి తీరాలి. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లతో ఒక జాబితా ఉంటుంది. అర్ధరాత్రి తలుపు కొట్టి, దాన్ని పట్టుకుని తలలు లెక్కపెడతారు. పరదేశీయులైతే లైసెన్సున్న హోటల్లోనే పడుకోవాలి. నేను దొరికితే నన్ను విమానం ఎక్కిస్తారు, కొరమేనుని జైల్లో పెడతారు.

పెద్దావిడకి ఇదంతా తెలుసు. అయినా చాప పరిచారు. కొడుకు వంగి మళ్ళీ చుట్టేశాడు. ఆవిడ చాప అంచు పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చినవాణ్ణి చీకట్లో పంపడం ఆవిడ ఎరగని పని. ఎన్నో జైలు కథలు రాసుకున్నాను ఆ ప్రయాణంలో. నియంతృత్వం అనగానే మాత్రం నాకు ఆ చాపే కనిపిస్తుంది. అధికారం సరాసరి వచ్చి పడకగదిలో కూర్చుంది.

2012 ఆగస్టులో, అచ్చుకి ముందు పత్రికలు సెన్సారుకి పంపనక్కర్లేదన్నారు. 2016లో చుట్టాల నిబంధన తీసేశారు. ఆ వారమే కొరమేను ఫోన్ చేశాడు. "అమ్మ వెళ్ళిపోయిందండీ, చాప ఉంది. రండి, పడుకుందురుగాని" అన్నాడు. వస్తానన్నాను. పనుల్లో పడి వెళ్ళలేదు. వెళ్ళాల్సింది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ వచ్చింది. రెండు వారాలు తిరక్కుండా చుట్టాల నిబంధనని తిరిగి తెచ్చింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, మా వాకిట్లో ఏడైంది, వాళ్ళకి ఎనిమిది, కొరమేను ఫోన్ చేశాడు. మాట్లాడలేదు. ఫోను కిటికీ దగ్గర పెట్టినట్టున్నాడు. వీధి వీధంతా గిన్నెలూ మూకుళ్ళూ కొడుతున్నారు, పీడ వదలాలని. నేను అరుగు మీద కూర్చుని చాలాసేపు విన్నాను. తర్వాత లైను తెగిపోయింది. ఆ నంబరు మళ్ళీ కలవలేదు.